అన్నతో మాట్లాడేందుకు స్పెయిన్ పోయినాయన

నేరేడుచర్ల సెంటర్లో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఫ్లెక్సీ కనిపించింది. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద కుటుంబసభ్యుల పేర్లు, మధ్యలో పెద్దాయన నవ్వుతూ ఉన్నాడు. ఆయన భుజం మీద ఒక తెల్లటి ముసలి చెయ్యి ఉంది. ఆ చేతికి మనిషి లేడు. ఫ్లెక్సీ చేసినవాడు గ్రూప్ ఫొటోలోంచి పెద్దాయనను కత్తిరించుకున్నాడు గానీ చేతిని తీసెయ్యడం మరిచిపోయాడు. బజార్లో ఎవరికీ పట్టినట్టు లేదు. ఆ చెయ్యి ఎవరిదో అక్కడ నాకొక్కదానికే తెలుసు. స్పెయిన్‌లో మాకు నెల రోజులు వండిపెట్టిన ముసలమ్మది.

నేను కోదాడ నుంచి మిర్యాలగూడ పోతున్నాను. అక్కడ నా కోసం నలుగురు తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు. అయినా సంచీ పట్టుకుని బస్సు దిగిపోయాను. ఆయన పోతే ఎవరూ నాకు ఫోన్ కూడా చెయ్యలేదని ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆయన విషయంలో నాకెప్పుడూ వరస అదే.

కోదాడలో నేను పిల్లలకు స్పానిష్ చెప్తాను. మా చుట్టాలు కూడా ఈ మాటకు నవ్వుతారు కాబట్టి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్లు ఎండాకాలం సెలవుల్లో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని స్పెయిన్ తీసుకుపోయి, ఒక చిన్న ఊళ్లో నెల రోజులు ఉంచి, అక్కడి వాళ్లతో కలిపి ఆడించి, తినిపించి, భాష నేర్పిస్తారు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల నుంచి పిల్లల్ని పోగు చెయ్యడం, వాళ్ల వెంట పోవడం నా పని. మిల్లుల వాళ్ల పిల్లలు, కాంట్రాక్టర్ల పిల్లలు, లెక్చరర్ల పిల్లలు వస్తారు. మా పోస్టర్ మీద "మధ్యలో తెలుగు లేకుండా స్పానిష్!" అని వేయించాను. అది చూసి తల్లులు నాతో కొట్లాడేవాళ్లు. తెలుగు లేకపోతే పిల్లకు ఆకలైతే ఎట్లా అడుగుతది, జరమొస్తే ఎట్లా చెప్తది అని. ఆ ఒక్క ముక్క నచ్చి వెతుక్కుంటూ వచ్చిన మనిషి నా సర్వీసులో ఈయనొక్కడే.

తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల. పక్కన పదో తరగతి రాసిన మనవరాలు. వచ్చి కూర్చున్నాడు గానీ ఖర్చు సంగతి, తిండి సంగతి అడగలేదు.

"మేడమ్, గీ భాష మన దిక్కు ఎవలికన్న వస్తదా?"

"రాదండీ."

"సూర్యాపేట మార్కెట్ల? సేట్లకు గూడ రాదా?"

"వాళ్లకెందుకొస్తుంది?"

"ఉర్దూల కలుస్తదా?"

"కలవదు."

"గ్యారంటీయేనా?"

మనవరాలికి పోటీ లేకుండా ఉండాలని చూస్తున్నాడేమో అనుకుని గ్యారంటీ ఇచ్చాను. ఆయన తృప్తిగా తల ఊపి, "అయితే నన్ను రాస్కోండ్రి" అన్నాడు.

"మిమ్మల్నా? మరి మనవరాలు?"

"దాన్ని గూడ రాస్కోండ్రి. నాకు తోడుంటది."

ఆ పిల్ల సిగ్గుతో తల టేబుల్‌కు ఆనించేసి, అక్కడి నుంచే చెప్పింది. "మేడమ్, మా తాతకు వాళ్ల అన్నతోటి మాటల్లేవు. నేను పుట్టకముందు సంది."

విషయం మటన్‌లో మూలుగున్న నల్లిబొక్క దగ్గర మొదలైంది. పెద్దాయన కూతురి పెళ్లిలో దావత్‌కు అన్నే దగ్గరుండి మటన్ వడ్డించాడు. పెద్దాయన మామగారి విస్తట్లో ఒక్క నల్లి పడలేదు. అన్న బామ్మర్ది విస్తట్లో మాత్రం పడింది, అదీ పెద్దది. మా వైపు పెళ్లిళ్లలో ఇంతకన్నా చిన్న వాటికే తలలు పగిలాయి. పందిట్లో అందరి ముందూ ఈయన లేచి, "నాకొచ్చిన ఏ భాషలనన్నా నీతోటి మాట్లాడితే నువ్వు సచ్చినట్టే, నీ తల మీద ఒట్టు!" అన్నాడు. భాషల సంగతి ఎందుకొచ్చిందంటే, అంతకుముందోసారి ఇట్లాగే అలిగి ఒట్టేసి, నాలుగో రోజుకే అన్నతో ఉర్దూలో మాట్లాడి ఊళ్లో నవ్వులపాలయ్యాడట. అందుకని ఈసారి ఏ సందూ లేకుండా గట్టిగా వేశాడు.

కోపం ఆ పెళ్లి పారాణి ఆరకముందే పోయింది. ఒట్టు మిగిలింది. తన మీద వేసుకుని ఉంటే ఎప్పుడో తప్పేవాడు. వేసింది అన్న తల మీద. మాట్లాడితే పోయేది అన్న ప్రాణం.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్యొచ్చు కదండీ" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "గది పిల్లలాట మేడమ్. మా అన్న పానంతోటి ఆటనా?"

ఇప్పుడు ఆ అన్నకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎండలు తగ్గాక హైదరాబాద్ తీసుకుపోతారు. కోసిన తర్వాత లేస్తాడో లేవడో. ఆ లోపల ఒక్కసారి అన్నతో మాట్లాడాలి. మాట్లాడితే అన్న చస్తాడు. దీనికి పెద్దాయన దారి వెతికిన తీరు చూస్తే కోర్టుల చుట్టూ తిరిగినవాడని తెలిసిపోతుంది.

"నేను ఊరికె అన్లే మేడమ్. నాకొచ్చిన భాష అన్న. రాని భాష అన్లే. సూర్యాపేట వకీలు గూడ గదే చెప్పిండు, తర్వాత నేర్చుకున్న భాష దానికిందికి రాదట. మిర్యాలగూడ అయ్యగారే జర కిరికిరి పెట్టిండు. తెలుగు ద్వారా నేర్చుకుంటే గది తెలుగు కిందికే వస్తదేమో, అనుమానం పెట్టుకోవద్దు, సీదా నేర్చుకో అన్నడు. మీ పోస్టర్ల గదే ఉన్నది గద."

మా కంపెనీ వాళ్లు ఎన్నో మీటింగుల్లో చెప్పిన సిద్ధాంతం ఒక పురోహితుడు అంతకన్నా బాగా చెప్పాడు.

ఇన్నాళ్లు అన్నదమ్ములకు ఏ సంబంధమూ లేదనుకోకండి. ఇద్దరి ఇళ్లకూ మధ్యన ఒకే గోడ. గోడ పక్కన ఈయన బర్రె కట్టేసి ఉంటుంది. ఏం చెప్పాలన్నా ఈయన బర్రెకు చెప్తాడు. "ఏమే, అవుతలోళ్ల మోటరు ఊకెనె తిరుగుతున్నది, జర బంద్ చేసుకోమను." గోడ అవతలి నుంచి అన్న కూడా బర్రెకే చెప్తాడు. "ఏమే, తిరిగేది నా మోటరు, కాలేది నా కరెంటు, నీ అయ్యకేం బాధనో అడుగు." పొలం పనులు, పెళ్లిళ్లు, చావులు అన్నీ బర్రె మీదుగానే నడిచాయి. ఒక బర్రె ముసలిదై పోతే ఇంకోటి తెచ్చారు. అది సరిగా పాలివ్వకపోయినా అమ్మలేదు.

"మరి ఇది కూడా బర్రెకే చెప్పండి" అన్నాను, కొంచెం విసుగ్గానే.

"గుండె కోయించుకునెటోనికి బర్రెతోటి చెప్పిచ్చే మాట కాదు మేడమ్."

పిల్లల వెంట పెద్దవాళ్లు ఇద్దరు పోవాలి. నాతో రావాల్సిన లెక్చరర్ ఆఖరి నిమిషంలో మానేశాడు. ఆ జాగాలో పెద్దాయనను పెట్టాం. వీసా కౌంటర్లో ఆయనను ఎందుకు పోతున్నారని అడిగారు.

"మా అన్నతోటి మాట్లాడెటందుకు."

"అన్నగారు స్పెయిన్‌లో ఉంటారా?"

"లేదు, నేరేడుచర్లల. మా గోడ పక్కపొంటి."

నేను పక్కనుండి ఏవేవో సర్దాను. వీసా అందరికన్నా ముందు ఆయనకే వచ్చింది.

ఆ ఊళ్లో క్యాంపుకు ఒకటే చట్టం. పొద్దున లేచిన దగ్గర నుంచి ఎవరూ సొంత భాష మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ల మెడలో ఒక చెక్క గరిటె తాడుకు కట్టి వేస్తారు. తర్వాత తప్పు చేసినవాడు దొరికేదాకా అది అక్కడే ఉంటుంది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్లు గిన్నెలు తోమాలి. మా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గరిటె మోశారు. నేనూ మోశాను, కాలికి రాయి తగిలి "అమ్మా" అన్నందుకు. పెద్దాయన మెడలోకి అది ఒక్కసారి కూడా రాలేదు. వచ్చిన మొదటి రోజుల్లో ఆయన పగలంతా అసలు నోరే తెరవలేదు. ఇరవై ఏళ్లకు పైగా పక్కింట్లో ఉన్న సొంత అన్నతో మాట్లాడని మనిషికి ఇదొక లెక్కా. క్యాంపు వాళ్లు ఆయనను మౌనవ్రతం పట్టిన స్వామి అనుకుని, ఎదురొస్తే దారి వదిలేవాళ్లు.

తిండి దగ్గరే వచ్చింది చిక్కు. మాకిద్దరికీ బస ఒక ముసలమ్మ ఇంట్లో. ఆవిడ వడ్డించడంలో మన వాళ్లకు ఏమాత్రం తీసిపోదు. చాలు అనకపోతే పెడుతూనే ఉంటుంది. స్పానిష్‌లో వద్దు అనాలంటే "నో" అంటే సరిపోతుంది. పెద్దాయన అననే అనడు. నో అనేది తనకు ముందే వచ్చిన ఇంగ్లిష్ మాట, ఇక్కడ అలవాటైతే రేపు అన్న ముందర జారుతుందని ఆయన భయం. తల అటూ ఇటూ వాలుస్తూ ఊపేవాడు. మన తల ఊపుడు ఆవిడకు అవునన్నట్టు కనపడేది. ఇంకో గరిటె పడేది. నెల తిరిగేసరికి ఆయన చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

ఇంటికి ఫోన్లు చేసుకోవడానికి సాయంత్రం ఒక గంట ఉండేది. ఆ గంటలో మాత్రం సొంత భాషకు అనుమతి. ఆయన ఆ గంట అంతా నా మీద ఫిర్యాదులకు వాడుకునేవాడు.

"గ్యారంటీ అంటిరి. నారింజను వీళ్లు గూడ నారింజ లెక్కనే అంటున్నరు. కమీజును కమీసా అంటున్నరు. సబ్బుకు గూడ మన సాబూన్ లెక్కనే ఏదో అంటున్నరు. గిదేం భాష మేడమ్, సగం మనదే ఉన్నది!"

"ఆ మూడే ఉన్నాయండీ, మిగిలినవి వేరే."

"ఆ మూడూ నాకొద్దు. మా అన్న కమీజు సంగతి నేను మాట్లాడ."

అన్నట్టే ఆ నెల రోజుల్లో ఆయన నారింజ రసం అడగలేదు, తాగలేదు. సబ్బు కావాలంటే చేతులు రుద్ది చూపించేవాడు.

క్షమించమని అడగడానికి ఏమంటారో నేర్పిస్తానని ఒకసారి నా అంతట నేను అన్నాను. అన్నదమ్ముల కథ కదా, దానికే వచ్చాడనుకున్నాను.

"తప్పు నాదెట్లయితది మేడమ్? నల్లి పెట్టంది వాడు."

"మరేం చెప్తారు?"

"ఏదన్న గానీ. నా నోట్లకెళ్లి మాటొచ్చి వాని చెవుల పడితే సాలు."

ఒక సాయంత్రం ఆ గంటలోనే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అన్నకు మళ్లీ నొప్పి వచ్చింది, డాక్టర్లు ఆపరేషన్ ముందుకు జరిపారు, మేము తిరిగి వచ్చిన మర్నాడే హైదరాబాద్ ప్రయాణం. పెద్దాయన ఫోన్ పెట్టేసి ముసలమ్మ ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. తెలుగుకు అనుమతి ఉన్న గంట అంతా అట్లాగే అయిపోయింది.

మరునాడు క్లాసులో బజారు పాఠం జరుగుతోంది. కూరగాయలు ఎంత, చిల్లర ఉందా, అట్లాంటివి. పెద్దాయన మధ్యలో లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, "తెంగో ఉన్ ఎర్మానో" అన్నాడు. నాకొక అన్న ఉన్నాడు అని. క్లాసంతా చప్పట్లు కొట్టింది. స్వామి మౌనం వదిలాడని పక్క గదుల్లోంచి కూడా జనం వచ్చారు. పాఠం చెప్పే అమ్మాయికి సంతోషం పట్టలేదు. మీ అన్న ఎక్కడున్నాడు అని స్పానిష్‌లో అడిగింది. దానికి మాటలు రాక ఆయన అలవాటు కొద్దీ గోడ వైపు వేలు చూపించాడు. ఆ పిల్ల పోయి పక్క గదిలో వెతికి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన అన్న గురించి తప్ప ఇంకేదీ నేర్చుకోలేదు. వాతావరణం పాఠంలో అన్నే, ఆటల పాఠంలో అన్నే. అన్న పొడుగ్గా ఉంటాడు. అన్నకు చేపలంటే ఇష్టం. అన్న పొద్దున్నే లేస్తాడు. మనవరాలు నాతో అంది, "మేడమ్, మా తాత నన్ను గూడ ఇంత సదివిపియ్యలే."

తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే కారు పంపించి నన్ను కోదాడ నుంచి నేరేడుచర్లకు రప్పించాడు. నా పని ఏంటంటే, ఆయన పక్కన నిలబడి ఉండాలి. పొరపాటున తెలుగు మాట బయటికొచ్చేట్టుంటే నోరు మూసెయ్యాలి.

"నేనెట్లా మూస్తానండీ మీ నోరు? నలుగురూ చూస్తారు."

"సూడనియ్యుండ్రి. పానం ముఖ్యమా, నలుగురు ముఖ్యమా?"

అన్న ఇంటి ముందర కారు నిలబడి ఉంది. కొడుకులు ఫ్లాస్కులూ దుప్పట్లూ సర్దుతున్నారు. అన్న అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నిజంగానే పొడుగు మనిషి, జబ్బు వల్ల కుర్చీలో సగం వరకు జారిపోయి ఉన్నాడు. ఈయన గేటు తీసుకుని లోపలికి నడిచేసరికి వాకిట్లో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కూతురి పెళ్లి తర్వాత ఆ గేటు దాటడం అదే మొదటిసారి. పక్కన నేను, చెయ్యి సిద్ధంగా పెట్టుకుని.

పెద్దాయన చేతులు కట్టుకున్నాడు. స్పానిష్‌లో మొదలుపెట్టాడు. నాకొక అన్న ఉన్నాడు. మా అన్న పొడుగ్గా ఉంటాడు. మా అన్నకు చేపలంటే ఇష్టం. మా అన్న పొద్దున్నే లేస్తాడు. మా అన్న మంచివాడు. అంతటితో వచ్చినవి అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అంత చక్కటి ఉచ్చారణ నా పిల్లల్లో ఎవరికీ రాలేదు.

అన్న నా వైపు చూశాడు. "ఏమంటుండమ్మా వీడు?"

చెప్పాను. నాకొక అన్న ఉన్నాడు, మా అన్న మంచివాడు అంటున్నారని.

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. బర్రెకు కాదు, నాకు కాదు, తమ్ముడికే చెప్పాడు. "వారీ, నువ్వు నా తల మీద ఒట్టేసినవ్. నేను మాట్లాడితే నువ్వు జవాబిస్తవ్, ఇస్తే నేను సస్తనని ఇన్నేండ్లు నోరు మూసుకున్న. నాకు పానమంటే భయంరా. ఇయ్యాల ఎట్లైనా కోసుడే. నీ గా భాష నాకు సమజైతలేదు. తెలుగుల మాట్లాడు. సస్తే సస్త."

నేను చెయ్యి దించేశాను. ఇంక అడ్డం పడడానికి నేనెవర్ని. వాకిట్లో అందరూ పెద్దాయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచాడు, పెదాలు కదిలాయి కూడా. అంతలో భుజం మీది తువ్వాల లాక్కుని తన నోట్లో తనే కుక్కుకున్నాడు. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కాసేపటికి తువ్వాల తీసి ఊపిరి పీల్చుకుని, మళ్లీ "తెంగో ఉన్ ఎర్మానో" అన్నాడు. కారు కదిలి సందు మలుపు తిరిగేదాకా వెనక నడుస్తూ అదే చెప్పాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అన్న లేచి తిరిగాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్లని, తాత స్పానిష్‌లో, పెద్దతాత తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లని మనవరాలు ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. కొత్త పాఠాల కోసం పెద్దాయన నాకు ఫోన్ చేసి విసిగించేవాడు. వానలు, వరి ధర, కీళ్ల నొప్పులు, అన్నిటికీ మాటలు కావాలి. ఇక భయం లేదు కదా, తెలుగులోకి రండి అని నేను అన్నప్పుడల్లా ఒకటే జవాబు. "వాడు మంచిగున్నడు గద మేడమ్. మంచిగున్నదాన్ని కదిలిచ్చుడెందుకు?"

ఇప్పుడు బస్సు దిగి నేను వాళ్ల ఇంటికి చేరేసరికి అరుగు మీద అన్న ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు మొన్న పొద్దున పొలం గట్టు మీద కూలబడ్డాడట, దవాఖానకు తీసుకుపోయే లోపలే అయిపోయింది. అన్న నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. లోపల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. ఆయన మాత్రం ఏడవడం లేదు. కోపంగా ఉన్నాడు.

"ఆఖరి దాంక ఒక్క తెలుగు మాట మాట్లాడకపాయె మేడమ్" అన్నాడు. "మాట్లాడ్రా, మాట్లాడ్రా అని రోజు తిట్టేది. ఒక్కపారి మాట్లాడితే వాని సొమ్మేం బోయె? చిన్నోడు నా ముందట పోవుడేంది? వాడు మాట్లాడుంటే నేనే ముందుగల పోతుంటి గద."